మూడు ఆదివారాల కప్పు

పోయిన నెలలో విశాఖపట్నంలో నా స్నేహితురాలు తన ఫ్లాటులో వంటగదిని మొత్తం మార్పించుకుని, చూడ్డానికి రమ్మని పట్టుబట్టింది. వెళ్ళాను. గట్లూ అరలూ అన్నీ తెల్లగా తళతళలాడుతున్నాయి. తలెత్తి చూస్తే పైన కప్పు చదునుగా లేదు. మధ్యలో పైకి లేచి అటూ ఇటూ వంపు తిరిగి ఉంది. "వాల్టెడ్ సీలింగ్ అంటారే దీన్ని, ఇప్పుడు అందరూ ఇదే పెట్టించుకుంటున్నారు" అని ఆవిడ మురిసిపోతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కాఫీ అక్కడికే తెప్పించుకుని తాగాను. లోపలికి రావేమే అంటే మోకాళ్ళ నొప్పి అన్నాను. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి కూర్చుంటుంది గానీ గుమ్మంలో నిలబడదని ఆవిడకి తట్టలేదు, నా అదృష్టం. అది ఉత్త ప్లాస్టరు అట్ట, మీద పడినా బొప్పి కూడా కట్టదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? యాభై దగ్గర పడుతున్నా, వంటింటి మీద వంపు కప్పు కనిపిస్తే నాకు మళ్ళీ పదమూడేళ్ళొస్తాయి.

మా ఇల్లు నర్సీపట్నంలో చర్చి వెనక వీధిలో ఉండేది. ఇంటికి వెనకవైపు అతికించినట్టున్న పెంకుల వసారాయే వంటిల్లు. నాన్నగారు అందులోకి రావాలంటే తల వంచాల్సిందే, మరిచిపోయిన రోజు దూలం గుర్తుచేసేది. తాటి దూలాలు మసిపట్టి నల్లగా నిగనిగలాడుతుండేవి. వాన పడితే పెంకుల సందుల్లోంచి మసినీళ్ళు కారి అన్నం గిన్నె మూత మీద చుక్కలు చుక్కలుగా పడేవి. ఉన్న ఒక్క కిటికీలోంచి పొగ బయటికి పోవడం మాట అటుంచి, పెరట్లో పొగ కూడా లోపలికి వచ్చేది. పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు, మూల కుండలో పులుస్తున్న చోడిపిండి అంబలి, దూలానికి వేలాడదీసిన ఎండు నెత్తళ్ళ చేపల సంచీ, వీటన్నిటి వాసనా కలిసి మా బట్టలకి పట్టేసేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల, ఇవాళ మీ ఇంట్లో ఏం కూరో నా జడ వాసన చూసి చెప్పేసేది. గ్యాసుకి పేరు రాయించి ఏళ్ళు గడిచినా కార్డు ముక్క కూడా రాని రోజులవి.

ఆ పొగలో తెల్లవారకముందే అమ్మ దగ్గు మొదలయ్యేది. మొదట్లో గొంతు సవరించుకున్నట్టుండే దగ్గు ఏడాదికేడాది ఛాతీలోకి దిగింది. పొయ్యి ఊదడానికి వంగితే చాలు, లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. ఆస్పత్రిలో డాక్టరమ్మగారు అమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, "మందులు నేనిస్తాను మాస్టారూ, ముందు ఈవిణ్ణి ఆ పొగలోంచి బయటికి తియ్యండి" అన్నారట.

నాన్నగారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఆయనకి మా చర్చి కప్పంటే ప్రాణం. బయట మామూలు పెంకులే గానీ లోపల నిలబడి చూస్తే కమాను తిరిగి ఎంతో ఎత్తుగా ఉండేది. ప్రసంగం జరుగుతున్నంతసేపూ ఆయన పైకే చూస్తుండేవారు. అది భక్తి అని సంఘమంతా అనుకునేది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అమ్మకీ నాకూ మాత్రమే తెలుసు, ఆయన ఇటుకలు లెక్కపెడుతున్నారని. డాక్టరమ్మగారి మాటతో ఆ లెక్కకి పని తగిలింది. రాత్రికి రాత్రే డ్రాయింగు షీటు మీద మా వంటింటికి కమాను కప్పు వేసేశారు. పొగ పైకి లేచి, రెండు కొసల్లోనూ పెట్టిన కన్నాల్లోంచి పోతుందట. అమ్మ షీటుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బాగుందండీ, ఇందులో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టుకోను?" అంది.

రోలుగుంట నుంచి సింహాచలం మేస్త్రి వచ్చాడు. బొమ్మ చూసి నవ్వాపుకోలేకపోయాడు. "ఏటి మాస్టారూ ఇది, వంటిల్లా సర్చా? శ్లాబేసీసుకోండి బాబూ, బేగి అయిపోద్ది." నాన్నగారు ఒప్పుకోలేదు. కమాను కట్టడం తన తాతతోనే ఆగిపోయిందని చెప్పి, చెబుతూనే ఒప్పేసుకున్నాడు మేస్త్రి. అతనికీ సరదా పుట్టింది లెండి. పాత మట్టి గోడల మీద మరో రెండడుగులు లేపాడు. కింద సరుగుడు గుంజలు పాతి, వాటి మీద వెదురు తడికలు వంచి కట్టి, తడికల మీద మట్టి మెత్తి ఏనుగు వీపులా చేశాడు. ఆ వీపు మీద ఇటుకలు పేర్చుకుంటూ రెండు వైపుల నుంచీ వచ్చి, ఒక శనివారం మధ్యాహ్నం నడినెత్తిన ఆఖరి వరస బిగించాడు. కొబ్బరికాయ కొట్టనివ్వండి అని బతిమాలాడు గానీ, మా ఇంట్లో ప్రార్థనే. వీధి గేటు అవతలికి వెళ్ళి కొట్టుకుని, చిప్ప మా అమ్మకే ఇచ్చాడు.

నాన్నగారు ఆ వేళ ఇంట్లో లేరు. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. సంచీ సర్దుకుంటూ మేస్త్రి నన్ను పిలిచాడు. "పాపా, గొలుగొండలో ఇల్లొకటి ఒప్పుకున్నాను, ఎల్తన్నాను. మీ నాన్నగోరితో సెప్పు. మూడు వారాలు దాటీదాకా ఒక్క గుంజ కదపొద్దని సెప్పు. ఆనక నాను రాకపోయినా నాన్నగోరే ఇప్పీసుకోవచ్చు. ఏటి సెప్తావు?" "మూడు వారాలు" అన్నాను. "అదీ!" అని తల నిమిరి వెళ్ళిపోయాడు. నేను పెరట్లోకి పరుగెత్తి అమ్మతో ఏమని చెప్పానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "అమ్మా, మేస్త్రి మూడు ఆదివారాలు దాటేదాకా గుంజలు ముట్టుకోవద్దన్నాడు." సాయంత్రం నాన్నగారికి అమ్మ అదే చెప్పింది.

నేను అబద్ధం చెప్పలేదు. మా ఇంట్లో వారమంటే ఆదివారమే. మా నాయనమ్మ ఉన్న రోజుల నుంచీ అదే లెక్క. ఆవు ఈని ఎన్నాళ్ళయిందంటే "నాలుగు ఆదివారాలు" అనేది. యలమంచిలి చుట్టాలు మళ్ళీ ఎప్పుడొస్తారంటే "వచ్చే ఆదివారం కాక పై ఆదివారం" అనేవాళ్ళం. కేలండరుంది, కానీ అందులో మేం చూసేవి ఎర్ర అంకెలే. కాబట్టి శనివారం కప్పు మూస్తే మర్నాడు చర్చికెళ్ళొచ్చి "ఒకటయ్యింది" అనుకున్నాం. నాన్నగారు రోజూ నిచ్చెనెక్కి గోనెపట్టాల మీద నీళ్ళు పోశారు. అమ్మ పెరట్లో పరదా కింద వండింది. మూడో ఆదివారం వెళ్ళిన మర్నాడు, సోమవారం ఉదయం, బడికి వెళ్ళేలోపే నాన్నగారు గుంజలన్నీ తీసేశారు. ఆయనకి ఆత్రం. తడికలు దిగి, మట్టి రాలి, లోపల ఎర్రటి ఇటుకల కమాను బయటపడింది. అమ్మ తలెత్తి నిలబడింది. ఆ వంటింట్లో ఆవిడ తలెత్తడం నేను చూడ్డం అదే మొదలు. "పాడితే మోగుతాదేమోనండీ" అంది. నిజంగానే మోగింది. ఆ పూటే పొయ్యి లోపలికి మార్చుకుంది.

మంగళవారం సాయంత్రం పక్కింటి పార్వతమ్మగారు కొత్త కప్పు చూడ్డానికొచ్చారు. వాళ్ళాయన తాలూకాఫీసులో పని చేసేవారు. ఆవిడ లోపలికొచ్చి "భలేగుందండీ కరుణమ్మగారూ" అంటూనే వేళ్ళు ముడవడం మొదలెట్టారు. "మేస్త్రి కప్పు మూసింది పున్నమి నాడు కదండీ. మరి మొన్ననే కదా అమావాస్య ఎల్లింది. గట్టిగా లెక్కేస్తే పదిహేడు రోజులు. మా గది ఏసినప్పుడు మావారు ఇరవయ్యొక్క రోజు దాకా సెంట్రింగు దగ్గరికి కాకిని కూడా రానివ్వలేదు. మీరు అప్పుడే ఇప్పీసేరేటండీ?" అమ్మ స్టవ్వు పంపు కొడుతూ, "మాస్టారు లెక్క సూసుకునే ఉంటారండీ" అంది. నేను పీట మీద కూర్చుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతున్నాను. మూడు వారాలు. మూడేడులు ఇరవయ్యొకటి. మేస్త్రి వారాలన్నాడు, ఆదివారాలన్నది నేను. ఇంకా నాలుగు రోజులు గుంజల మీద ఉండాల్సిన ఇటుకల కింద మా అమ్మ స్టవ్వు వెలిగించుకుంటోంది, నా నోటి మాట మూలాన. చేట అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. "ఏటే, పప్పు సగంలో ఒగ్గీసి ఎక్కడికే?" అని అమ్మ వెనక నుంచి అరుస్తోంది.

చెప్పెయ్యొచ్చు కదా అని మీరనుకుంటారు. ఇప్పుడు నేనూ అనుకుంటాను. నాన్నగారు నన్ను కొట్టే మనిషి కూడా కాదు. కానీ తప్పు తప్పుగా ఉండదు కదా పదమూడేళ్ళప్పుడు, నేరంలా ఉంటుంది. చెబితే కప్పు పడిపోకముందే నేరం నాదని అందరికీ తెలిసిపోతుంది, చెప్పకపోతే పడకుండా శనివారం దాకా లాగొచ్చేమో. శనివారానికి ఇరవయ్యొకటి నిండుతుంది. అంతవరకూ అమ్మని లోపల ఉండనివ్వకపోతే చాలు. ఇదీ నా పన్నాగం. బుధవారం పొద్దున్నే పెరట్లో నిలబడి "అమ్మా, పాము!" అని కేకేశాను. అమ్మ కర్ర పట్టుకుని ఒక్క ఉదుటున బయటికొచ్చింది. అరటి మొక్కల మొదళ్ళన్నీ పొడిచింది. ఏమీ దొరక్క "ఎంతుంటాది?" అని అడిగింది. నేను చేతులు బారచాపి చూపించాను. "అంతది ఎక్కడికెళ్ళిపోద్దే!" అని తిట్టుకుంటూ మళ్ళీ లోపలికే వెళ్ళిపోయింది. కడుపునొప్పి అన్నాను. వాము నూరడానికి లోపలికే వెళ్ళింది. ఓరి దేవుడా, ఏం చెప్పినా ఆవిడ తిరిగి తిరిగి ఆ కప్పు కిందికే పోతుందే! బడిలో ఏ బల్ల చప్పుడైనా నాకు ఇటుకలు కూలినట్టే వినిపించేది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తేదాన్ని. వీధి మలుపు తిరిగాక ముందు దగ్గు వినిపిస్తుందా లేదా అని ఆగేదాన్ని. వినిపించాక అన్నం తినాలని కూడా ఉండేది కాదు. ఏ దగ్గు పోవాలని ఇల్లంతా తవ్వుకున్నామో, ఆ దగ్గు వినిపిస్తే ప్రాణం లేచొచ్చేది నాకు.

బుధవారం సాయంత్రమే పగులు కనిపించింది. కప్పు వచ్చి గోడ మీద కూర్చున్న చోట, అమ్మ పప్పుల డబ్బాల అర పైన, వెంట్రుకంత గీత. అమ్మ నీళ్ళకెళ్ళిన సమయం చూసి నాన్నగారి పెట్టెలోంచి పెన్సిలు తీసుకుని, స్టూలెక్కి, పగులు కొసన అడ్డంగా చిన్న గీత గీశాను. గురువారం మధ్యాహ్నం వచ్చి చూస్తే పగులు నా గీత దాటి బొటనవేలంత ముందుకెళ్ళింది.

ఇక నాకు నోరు ఆగలేదు. అమ్మ నెత్తళ్ళ పులుసు కలుపుతోంది. గుమ్మం బయట నిలబడి ఏడుస్తూ మొత్తం చెప్పాను. వారాలు, ఆదివారాలు, పున్నమి, పాము, పెన్సిలు గీత. అమ్మ గరిటె ఆపింది. తలెత్తి కప్పు వైపు చూసింది, అర వైపు చూసింది. "బయటికి రా అమ్మా, రా" అని నేను అరుస్తున్నాను. "ఉండు, ఈ పులుసు దించనీ" అంది. పులుసు దించి, స్టవ్వు ఆర్పి, గిన్నె పట్టుకుని మరీ బయటికొచ్చింది. కొంగుతో నా ముక్కు తుడిచి, "ఈ సంగతి ఇంకెవరితోనూ అనకు" అంది. అంతే. కోప్పడలేదు, కొట్టలేదు. నాకు ఆ పులుసు అన్నంలో కలిపి పెట్టింది కూడా, అరుగు మీద.

సాయంత్రం నాన్నగారు సైకిలు దిగుతూనే అమ్మ ఎదురెళ్ళింది. "ఏవండీ, నా వల్ల పొరపాటయింది. మేస్త్రి మూడు వారాలంటే నేను మూడు ఆదివారాలని మీతో సెప్పీసాను." నేను తలుపు వెనక ఉన్నాను. అదిగో, అక్కడ నేను ఒక్క అడుగు ముందుకేసి ఉంటే సరిపోయేది. నాన్నగారి మొహంలో రక్తం లేదు. "నాలుగు రోజుల నుంచి నువ్వు అందులోనే వండుతున్నావా?" అని మాత్రం అన్నారు. గుంజలు తీసేసింది తనే అయినా, ఆ మాట అడిగారు. సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా వదిలేస్తే అది పడిపోయింది. ఆ చప్పుడుకి నేను చెవులు మూసుకున్నాను. పెరటి గోడకి ఆనించిన గుంజలు ఒక్కొక్కటీ భుజానేసుకుని లోపలికి పోయారు. గుంజ నిలబెట్టి తల దగ్గర చెక్క బిగించాలంటే, అడుగున ఒకరు పట్టుకోవాలి. "సుగుణా! ఇలా రా అమ్మా, ఈ అడుగు పట్టుకో" అని పిలిచారు.

నేను గుమ్మం దాకా వెళ్ళాను. నాన్నగారు రెండు చేతులతో గుంజని పైకెత్తి పట్టుకుని ఉన్నారు, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆయన నెత్తి మీద ఆ ఇటుకలు. నా కాళ్ళు కదల్లేదు. "సుగుణా!" అన్నారు మళ్ళీ. నేను గుమ్మం పట్టుకున్నాను. ఆయన తల తిప్పి నా వైపు చూశారు. మూడోసారి పిలవలేదు. అమ్మ వెనక నుంచి వచ్చి, కొంగు నడుముకి దోపుకుని, నన్ను భుజంతో పక్కకి నెట్టి లోపలికెళ్ళి గుంజ దగ్గర కూర్చుంది. ఆరు గుంజలు నిలబెట్టారు ఇద్దరూ. ఆఖరిది బిగిస్తుంటే పైనుంచి సున్నం పొడి రాలి అమ్మ జుట్టు తెల్లబడింది, దగ్గు తెర ముంచుకొచ్చింది. దగ్గుతూనే రెండు చేతులా గుంజ పట్టుకునే ఉంది. బయటికొచ్చి తల దులుపుకుంటూ నన్ను చూసి, "భయమేసిందా?" అంది. తలూపాను. "నాకూ ఏసిందే" అంది. అప్పటిదాకా అమ్మకి భయం లేదనుకున్నాను నేను.

మర్నాడు నాన్నగారు బడికి సెలవు పెట్టి గొలుగొండ వెళ్ళి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చారు. అతను తాపీ పిడితో కప్పంతా తట్టి తట్టి చూసి, "దీనికేటి అవ్వనేదు మాస్టారూ. కమాను మూసీసిన్నాడే దాని బరువు అది మోసుకున్నాది. పగిలింది కప్పు కాదు, మీ పాత గోడ. ఆ బరువుకి బయటికి తోసుకుపోతన్నాది. ఇరవయ్యొక్క రోజు కాదు, ఏడాది ఆగినా ఇలగే తోసును. ముందే సూసుకోవాల్సింది నాను" అన్నాడు. గోడకి బయటి నుంచి రెండు దన్నులు కట్టాడు. మరో రెండు ఆదివారాల తర్వాత... చూశారా, నాకు ఆ లెక్క ఇంకా పోలేదు... గుంజలు అతనే వచ్చి తీశాడు. అప్పటి నుంచి ఆ కప్పు గట్టిగానే ఉంది. ఎన్నో గాలివానలు చూసింది. అమ్మ దగ్గు మొత్తం పోలేదు గానీ, పొయ్యి దగ్గర వంగిన మనిషి గోడ పట్టుకోకుండా లేచేది. తర్వాత గ్యాసు వచ్చింది, మసి పోయింది, పొట్టు పొయ్యి పెరట్లో కనకాంబరాల మొక్కలకి కుండీ అయింది. ఇవాళ నా వంటగదిలో చిమ్నీ ఉంది, మీట నొక్కితే పొగనంతా లాగేస్తుంది. నా పిల్లల బట్టలకి ఏ వాసనా అంటదు. ఒక గదిని బాగు చేసుకోడానికి ఒక ఇల్లు అంత భయపడాలంటే వాళ్ళు నమ్మరు. వాళ్ళు నమ్మనక్కర్లేదు కూడా.

ఆ పగులు నాన్నగారి చేతిలో పెద్ద హాస్యమైపోయింది. ఇంటికి ఎవరొచ్చినా వంటింట్లోకి తీసుకెళ్ళి కమాను చూపించి, "మా ఆవిడ లెక్కలో మూడు వారాలంటే పదహారు రోజులండీ" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు, అమ్మ కూడా. నా పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళ ముందు కూడా అదే చెప్పారు. నేను పళ్ళేలు తేవడానికి వెళ్ళినట్టు వెళ్ళి, "ఈసారి సెప్పేస్తానమ్మా, అది నువ్వు కాదు నేనని" అన్నాను. అమ్మ పకోడీలు వాయ దించుతోంది. "ఏటి సెప్తావు? ఆయన నవ్వుతున్నారు. నవ్వనీ" అంది. నవ్వుతూనే ఉన్నారు ఆఖరు దాకా. ఆ మాట తెలియకుండానే ఆయన పోయారు.

అదీ నా బాధ అనుకున్నాను చాలాకాలం. కాదు. ఆ గురువారం తర్వాత నాన్నగారు నన్ను ఏదీ పట్టుకోమని పిలవలేదు. బల్బు మార్చడానికి స్టూలెక్కితే "కరుణా, ఇది పట్టుకో" అనేవారు. నిచ్చెన వేస్తే అమ్మనే పిలిచేవారు. దండెం కట్టేటప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, పెరట్లో ఎక్కడో ఉన్న అమ్మ కోసం కేకేసేవారు. అది కోపం కాదు, నాకు తెలుసు. పిల్ల భయపడుతుందని. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఆస్పత్రి మంచం మీద ఆయన్ని లేవదియ్యాల్సి వచ్చినప్పుడు కూడా, నేను చెయ్యి చాపుతుంటే, "నువ్వొద్దులే అమ్మా, మీ అమ్మని రానీ" అన్నారు. పిలిస్తే వెళ్ళేదాన్ని. వెళ్ళేదాన్ననే అనుకుంటున్నాను.